కాలువగట్టు, ఏటిగట్టు, సముద్రం ఒడ్డు: కోనసీమలో మూడు గ్రావెల్ దారుల రివ్యూ

ముందు నా తీర్పు చెప్పేస్తాను. గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల కోసం లావు టైర్లతో చేసే సైకిల్) వేసుకుని కోనసీమ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నన్ను అడిగేది "బీచ్ రూట్ ఏదండీ?" అని. నేను తొక్కిన మూడు దారుల్లో ఆఖరి స్థానం దానిదే. మొదటి స్థానం ముక్తేశ్వరం నుంచి ఎదుర్లంక దాకా సాగే గౌతమి (గోదావరి పాయ) ఏటిగట్టుది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే కాలువగట్టు మంచిది. ఈ రెండూ తొక్కి, చేతులకీ నడుముకీ అలవాటయ్యాక సముద్రం వైపు వెళ్ళండి.

నాది కొత్తపేట దగ్గర ఊరు. ఉద్యోగం రాజమహేంద్రవరంలో, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. రెండేళ్ళ కిందట గ్రావెల్ సైకిల్ కొన్నాను. అప్పటి నుంచి ఆదివారాలూ సంక్రాంతి సెలవులూ దాదాపు అన్నీ ఈ గట్ల మీదే గడిచాయి. రెండు దాళ్వాలు (రబీ వరి), ఒక సార్వా (ఖరీఫ్ వరి) పూర్తిగా చూశాను. కింద రాసిందంతా ఆ తిరుగుడులో తెలుసుకున్నదే.

గ్రావెల్ అన్న మాట బయటివాళ్ళకి కొత్త ఫ్యాషన్‌లా వినిపిస్తుందేమో గానీ మా పంచాయతీల్లో అది ఎప్పటి నుంచో ఉంది. "పుంతకి గ్రావెల్ వేయించాలి" అని అర్జీలు పెట్టని ఊరు లేదు. డెల్టా నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడ తవ్వితే రాయి దొరకదు. అందుకే మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో ఎర్ర గ్రావెల్ తెచ్చి గట్ల మీద పోస్తారు. కొత్తగా పోసినప్పుడు చక్రం కింద గుల్లగా కదులుతుంది. ఒక వానాకాలం గడిచి నాలుగు ట్రాక్టర్లు తిరిగాక చదునుగా గట్టిపడుతుంది. ఆ రెండో ఏడు గ్రావెల్ మీద సైకిల్ తొక్కడం ఒక సుఖం. నా టైర్లు 40 మిల్లీమీటర్లవి, ట్యూబ్‌లెస్. నా బరువు 58 కిలోలు. ముందు చక్రంలో 30, వెనక చక్రంలో 34 పీఎస్‌ఐ గాలి ఉంచుతాను. రోడ్డు సైకిల్ అలవాటుతో 60 కొట్టుకుని వస్తే పది కిలోమీటర్లకే మణికట్లు పోటెడతాయి. లావు టైర్లున్న మామూలు హైబ్రిడ్ సైకిల్ ఉన్నా మొదటి రెండు దారులూ తొక్కేయవచ్చు, దీని కోసం కొత్త సైకిల్ కొనక్కర్లేదు.

ఇక మొదటి దారి. ధవళేశ్వరంలో తెల్లారకుండానే బయల్దేరి బ్యారేజీ ఎక్కండి. ధవళేశ్వరం ఆర్మ్ (బ్యారేజీలో ఒక భాగం), పిచ్చుకలంక, ర్యాలీ ఆర్మ్ దాటితే బొబ్బర్లంక. అక్కడే మధ్య డెల్టా కాలువ తల. అక్కడి నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా సుమారు 15 కిలోమీటర్లు. కాలువకి ఒక పక్క తారు రోడ్డు ఉంటుంది, బస్సులూ ఆటోలూ అన్నీ దాని మీదే. మనకి కావలసింది అవతలి గట్టు. కొంత మేర గ్రావెల్, కొంత మేర వట్టి మట్టి, అక్కడక్కడా సిమెంటు ముక్క. చెట్ల నీడ ఎంత దట్టంగా ఉంటుందంటే మార్చిలో కూడా తొమ్మిదింటి దాకా టోపీ అక్కర్లేదు.

ఈ గట్టు నాకు ఇంత ఇష్టం కావడానికి ఒక కారణం ఉంది. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ తర్వాత తవ్విన కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. లాకులు కట్టింది అందుకే. నీటిమట్టం మారే చోట పడవని లోపల పెట్టి, తలుపులు మూసి, నీళ్ళు నింపో దించో ఎక్కించేవారు, దింపేవారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. ఎక్కడా నిటారు ఎత్తు లేకుండా, మలుపులు మెల్లగా తిరుగుతూ, నీటి పక్కనే సాగే ఈ దారి ఆ లాగేవాళ్ళ కాళ్ళ కోసం వేసింది. మా అమ్మమ్మ కాపరానికి వచ్చింది పడవలోనే. రాత్రంతా గట్టు మీద లాంతరు పట్టుకుని ఒకాయన ముందు నడుస్తుంటే ఆ వెలుగే చూస్తూ పడుకుందట. గేర్లున్న సైకిల్ మీద నేను అదే దారిన వెళ్తున్నప్పుడు ఆ లాంతరు గుర్తుకు రాని రోజు లేదు.

ఆత్రేయపురంలో ఆగండి. పూతరేకుల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నేను చెప్పేది సైకిల్ సంగతి. నెయ్యి, బెల్లం పెట్టిన పూతరేకు రెండు తింటే గంట తొక్కడానికి ఒంట్లో శక్తి ఉంటుంది. జేబులో పెట్టుకుంటే మాత్రం పొడి అయిపోతుంది, అక్కడే తినేయాలి. కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళు పొద్దున్నే పనిలో ఉంటారు. అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు, అడగకుండా ఫోన్ కెమెరా పెట్టకండి.

లొల్ల లాకుల దగ్గర కాలువ చీలుతుంది. అక్కడ ఒక లస్కర్ గారిని పరిచయం చేసుకున్నాను. తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి చిల్లి పడితే ముందుగా చూసి చెప్పడం వాళ్ళ పని. ఏ మ్యాప్‌లోనూ లేని కబురు వాళ్ళ దగ్గర ఉంటుంది. "ఆయ్, అటెళ్ళకండమ్మా, రెండు మైళ్ళవతల గట్టు జారిందండి. ఇటు పక్కన బాగుంటాదండి" అని ఆయన చెప్పిన రోజున నాకు గంటన్నర కలిసొచ్చింది. ఫోన్ మ్యాప్ సగం గట్లని చూపించదు. శాటిలైట్ బొమ్మలో చెట్ల కింద దారి కనిపించదు. లాకుల దగ్గర రెండు నిమిషాలు ఆగి అడగడమే మేలు.

రావులపాలెం దగ్గరపడేసరికి ఎదురుగా అరటిగెలల సైకిళ్ళు వస్తాయి. మార్కెట్ యార్డుకి వెళ్ళే రైతులు. మామూలు లావు సైకిల్‌కి రెండు పక్కలా, వెనక, మొత్తం ఎనిమిది గెలలు కట్టుకుని గట్టు మీద నడిపించుకుంటూ వస్తారు. వాళ్ళని చూస్తే మీరు దిగి పక్కకి నిలబడండి. ఆ బరువుతో ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో సైకిల్ తొక్కేవాళ్ళకి వేరే చెప్పాలా.

రావులపాలెం దగ్గర హైవే దాటి గన్నవరం కాలువ వెంట దిగితే పి.గన్నవరం అక్విడక్టు దాకా దారి. ధవళేశ్వరం నుంచి మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. చివర్లో కనిపించే దృశ్యం కోసం ఈ యాభై తొక్కవచ్చు. కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంది, దాని మీదుగా కాలువ ఇంకో ఏరులా దాటిపోతుంది. 1850ల మొదట్లో 49 ఆర్చీలతో కట్టిన పాత అక్విడక్టు వల్లే అవతలి నగరం సీమకి సాగునీరు అందింది. పక్కన 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఈ మండలంలోని లంకల గన్నవరం కోడలే. ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. అక్కడ గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే పక్కింటి పెద్దావిడ మజ్జిగ తెచ్చిచ్చింది. "ఎండపడి వచ్చావు, ఉట్టి నీళ్ళు తాగకమ్మా" అంది.

ఈ దారిలో నాకు జరిగిన నష్టం కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఒక డిసెంబరు పొద్దున, గన్నవరం కాలువ గట్టు మీద పడి ఉన్న కొబ్బరి మట్ట ఈనె ఒకటి వెనక చక్రంలోకి వెళ్ళి గేర్లు మార్చే డీరెయిలర్‌ని లాగేసింది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగిపోయింది. రెండు కిలోమీటర్లు తోసుకుంటూ ఊళ్ళోకి వెళ్తే, సైకిల్ షాపు తాత గారు చూసి, "ఇవన్నీ నాకు తెలీవమ్మా, గొలుసు తెలుసు" అన్నారు. డీరెయిలర్ తీసి పక్కన పెట్టి, గొలుసు లింకులు కొన్ని తగ్గించి, మధ్య గేరు మీద బిగించి ఇచ్చారు. నలభై రూపాయలు తీసుకున్నారు. ఆ ఒక్క గేరుతోనే ఇంటికి చేరాను. అప్పటి నుంచి నా సంచిలో స్పేర్ హ్యాంగర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మీరూ పెట్టుకోండి. ఏ సైకిల్ హ్యాంగర్ దానిదే, మన ఊళ్ళలో దొరకదు. కొబ్బరికాయల దింపు తీసే రోజుల్లో మట్టలు ఎక్కువగా పడి ఉంటాయి. పైన చెట్టు మీద మనిషి ఉన్నాడేమో చూసుకుని, కేకేసి, ఆయన "రండి" అన్నాకే కింద నుంచి వెళ్ళండి.

తిండి దగ్గర ఒక చిన్న చుట్టు చెబుతాను. గన్నవరం నుంచి అంబాజీపేట దగ్గరే. అక్కడ పొట్టిక్కలు తినకుండా వెనక్కి రావద్దు. పనసాకులు నాలుగు పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు వాసన లోపలికి దిగుతుంది. చిన్న హోటళ్ళు, బల్లలు ఇరుకు, ఎనిమిది దాటితే అయిపోతాయి. సైకిల్ బయట తాళం వేయకుండా వదిలి లోపల కూర్చున్నా ఎవరూ ముట్టుకోలేదు. గేర్లు నొక్కి చూస్తామని పిల్లలు మాత్రం అడిగారు, చూడనిచ్చాను.

రెండో దారి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కోటిపల్లి రేవులో పంటు (బళ్ళనీ మనుషులనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగాలి. పంటు మీదికి మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, పెళ్ళివాళ్ళు అందరూ ఎక్కుతారు. సైకిల్‌ని ముందు భాగంలో రెయిలింగుకి ఆనించి పట్టుకుని నిలబడండి. దిగేటప్పుడు చెక్క బల్ల మీద నీళ్ళు ఉంటే పెడల్‌కి తగులుకునే క్లీట్ బూట్లు జారతాయి, నేను మామూలు చెప్పులతోనే తొక్కుతాను. ఈ రేవులో నాకు ఒక్కటే ఫిర్యాదు. ఒకసారి పంటు నడిపే మనిషి బయల్దేరడానికి సిద్ధమన్నాక కూడా ఇంకో రెండు బళ్ళ కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టారు. నీడకి షెడ్డు లేదు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, ముందురోజే తెలిసినవాళ్ళని అడిగి వెళ్ళాలి. నది మధ్యలో కోటిపల్లి-నరసాపురం రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. మా నాన్న వాటిని చూపించి, "ఈ రైలు ఎక్కాకే నేను పోతాను" అంటుంటారు.

ముక్తేశ్వరంలో ఏటిగట్టు ఎక్కితే ఠాణేలంక, ముమ్మిడివరం వైపుగా, అన్నంపల్లి అక్విడక్టు దగ్గర వృద్ధ గౌతమిని దాటి, మురమళ్ళ మీదుగా ఎదుర్లంక వంతెన దాకా సుమారు 25 కిలోమీటర్లు. దూరం చిన్నదే. నాకు ఎప్పుడూ మూడు గంటలకి తక్కువ పట్టలేదు, ఎందుకంటే ఆగకుండా ఉండలేను.

కాలువగట్టు మీద మీరు నీటి పక్కన వెళ్తారు. ఏటిగట్టు మీద ఊరికి పైన వెళ్తారు. ఎడమ చేతి వైపు గౌతమి, మధ్యలో లంకలు, పడవ మీద పశువుల గడ్డి తెస్తున్న మనుషులు. కుడి వైపు గట్టు కింద ఊరు. ఇళ్ళ కప్పులు మీ పెడల్ ఎత్తులో ఉంటాయి. పెరట్లో అంట్లు తోముతున్న ఆవిడ తలెత్తి చూసి "ఎందాకండీ?" అంటుంది. వంటింటి పొగ, పూలతోట తడి, గేదెల కొట్టం, అన్నీ ఒకేసారి ముక్కుకి తగులుతాయి. నది ఎంత వెడల్పో, ఊరు ఎంత పల్లంలో ఉందో ఒక్కచోట నిలబడి చూసేది ఈ గట్టు మీదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గట్లు తెగి ఊళ్ళు మునిగిన ఆ ఏడాది గురించి ఇక్కడ యాభై దాటిన ఎవరిని కదిపినా రోజూ గంటా సహా చెబుతారు. మన చక్రం కింద ఉన్న గ్రావెల్ సైకిళ్ళ కోసం వేసింది కాదు. వరద రాత్రి ఇసుక బస్తాల లారీ ఆ గట్టు మీద నడవాలని వేసింది. అందుకే నాదొక విన్నపం. తడిసిన గట్టు అంచున తొక్కి గాళ్ళు చేయకండి, మధ్యలోనే వెళ్ళండి. వరద హెచ్చరిక ఉన్నప్పుడు గట్టు ఎక్కనే వద్దు, అది పని జరిగే చోటు.

నేల నాణ్యత విషయానికి వస్తే మూడింటిలో ఇదే మేలు. ముక్కాలు భాగం గట్టిపడిన ఎర్ర గ్రావెల్. ముమ్మిడివరం దగ్గరపడ్డాక కొంత మేర కంకర తేలి ఉంది, అక్కడ బ్రేకు గట్టిగా పట్టకుండా బరువు వెనక్కి వేసుకుని దిగాలి. గట్టు వాలులో సర్కారు తుమ్మ పెరిగిన చోట ముళ్ళు రాలి ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు మూసే సీలెంట్ ఉండబట్టి నాలుగుసార్లు బతికిపోయాను. ఒకసారి ఇంటికొచ్చి చూస్తే టైరులో ఆరు ముళ్ళు ఉన్నాయి, గాలి మాత్రం రెండు పీఎస్‌ఐ తగ్గింది అంతే. ట్యూబులతో వచ్చేవాళ్ళు కనీసం రెండు స్పేర్లు తెచ్చుకోండి. కుక్కల భయం కూడా ఇక్కడే ఎక్కువ. రొయ్యల చెరువుల కాపలా కుక్కలు గుంపుగా వస్తాయి. నేను చేసేది ఒకటే: సైకిల్ దిగి, దాన్ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడుస్తాను. ఇప్పటిదాకా ఏదీ కరవలేదు. పారిపోతే మాత్రం వెంటపడతాయి.

మురమళ్ళలో వీరేశ్వరస్వామి గుడి ఉంది, స్వామికి రోజూ కల్యాణం జరుగుతుంది. ఏ రోజు వెళ్ళినా దారిలో పెళ్ళికళ ఉంటుంది. అక్కడి నుంచి ఎదుర్లంక, తర్వాత బాలయోగి గారి పేరున్న వంతెన, అవతల యానాం. వంతెన మీద గాలి గురించి మా పిల్లలకి చెప్పే పాఠమే మీకూ చెబుతాను. పొద్దున్న నేల చల్లగా ఉంటుంది కాబట్టి గాలి పెద్దగా ఉండదు. పదకొండు దాటాక నేల వేడెక్కి, పైకి లేచిన గాలి ఖాళీని నింపడానికి సముద్రం వైపు నుంచి గాలి బలంగా వస్తుంది. అందుకే సముద్రం వైపు తొక్కేది పొద్దున్నే అయిపోవాలి. మధ్యాహ్నం వెనక్కి తిరిగితే గాలి వీపున ఉంటుంది. ఈ లెక్క తప్పి పన్నెండింటికి వంతెన ఎక్కిన రోజు చిన్న గేరులో కూడా గంటకి తొమ్మిది కిలోమీటర్లు దాటలేదు. యానాంలో గోదావరి ఒడ్డున భోజనం చేసి, ఇంజరం, ద్రాక్షారామం మీదుగా తారు రోడ్డున కోటిపల్లికి తిరిగొస్తే గుండ్రంగా ఒక రోజు పని అవుతుంది.

మూడో దారికి నేను ఆఖరి స్థానం ఎందుకిచ్చానో ఇప్పుడు చెబుతాను. అంతర్వేది నుంచి కేశనపల్లి, శంకరగుప్తం మీదుగా కరవాక వరకు, సముద్రానికి దగ్గరగా ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. మొదలు బాగుంటుంది. నరసాపురం నుంచి పంటు మీద వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగి, పొద్దున్నే అంతర్వేది చేరి, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నదీ సముద్రం కలిసే చోటు చూడటం ఒక భాగ్యం. నీళ్ళు రెండు రంగుల్లో పక్కపక్కనే కదులుతాయి. ఆ తర్వాతే కష్టం. సరుగుడు తోటల్లో దారి అంతా ఇసుక. పైన పరిచిన సరుగుడు ఆకు చూసి గట్టి నేల అనుకుని వెళ్తే ముందు చక్రం దిగబడుతుంది. 40 టైర్లు చాలవు, 50 ఉండాలి. నేను ఏడు కిలోమీటర్లు నడిచాను. పాటు సమయంలో తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద తొక్కమని కొందరు చెబుతారు. వద్దంటాను. ఉప్పునీరు గొలుసుకీ బేరింగులకీ పడితే వారంలో తుప్పు కనిపిస్తుంది. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఇసుకలో ఎక్కడ గుంత ఉందో మనకి తెలియదు.

ఇంకో సంగతి, ఇది రాయడానికే బాధగా ఉంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట వెళ్తే ఎకరాలకి ఎకరాలు కొబ్బరిచెట్లు తలలు రాలి మొండేలుగా నిలబడి ఉన్నాయి. సముద్రపు పోటు నీళ్ళు డ్రెయిన్‌లోకి ఎక్కి తోటల్లోకి ఊరుతున్నాయి. కొబ్బరి వేరు అంత ఉప్పుని తట్టుకోలేదు. ఒక తోట దగ్గర ఆగితే రైతు, అరవై ఏళ్ళుంటాయి, "మా నాన్న పెట్టిన చెట్లండి, ఏడాదికి ఆరు దింపులు తీసేవాళ్ళం" అని చెప్పి ఆగిపోయారు. బొండం కొట్టివ్వబోయి, "ఉప్పగా ఉంటాదేమోనండి" అని ఆయనే ముందు రుచి చూశారు. బీచ్ ఫొటోల కోసం వచ్చేవాళ్ళు దయచేసి ఈ రెండు కిలోమీటర్లు కూడా తొక్కండి. చూడండి, వాళ్ళతో మాట్లాడండి, బొండం డబ్బు బేరం ఆడకుండా ఇవ్వండి.

కరవాక నుంచి పైకి వస్తే అప్పనపల్లిలో బాలబాలాజీ గుడి, మధ్యాహ్నం అన్నదానం. చెమటతో మట్టితో ఉన్నా కాళ్ళు కడుక్కుని కూర్చోమంటారు. ఇంకా పైకి పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. నాకు అప్పుడు పదకొండేళ్ళు. రాత్రి మా డాబా ఎక్కితే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా కనిపించేది. ఇప్పటికీ ఈ దారి పొడుగునా పసుపుపచ్చ పైపులైను గుర్తు రాళ్ళు ఉంటాయి. వాటి దగ్గర ఆగి స్టవ్ వెలిగించి టీ కాచుకునే పని ఎవరూ పెట్టుకోకండి.

ఒంటరిగా తొక్కే ఆడవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి విడిగా చెబుతాను. మొదటి రెండు దారుల్లో నాకు ఎప్పుడూ భయం వేయలేదు. కిలోమీటరుకి ఒక ఇల్లైనా ఉంటుంది, ఆడవాళ్ళు బయటే పనుల్లో ఉంటారు. బాత్రూం కోసం ఏ ఇంటి ముందు ఆగి "అక్కా" అన్నా కాదన్నవాళ్ళు లేరు. మూడో దారిలో సరుగుడు తోటల ముక్క మాత్రం మనిషి తిరగని చోటు, అక్కడికి ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్ళండి. నేనూ మా మరిదితోనే వెళ్ళాను.

కాలం లెక్క ఇలా. జనవరి రెండో సగం నుంచి మార్చి నెలాఖరు దాకా బంగారం. కాలువలు నిండుగా, దాళ్వా చేలు పచ్చగా, గ్రావెల్ పొడిగా ఉంటాయి. సంక్రాంతి మూడు రోజులూ గట్ల మీద కార్లు బారులు తీరతాయి, తొక్కలేరు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మాత్రం సైకిలే సుఖం, కార్లు దూరంగా ఆపేస్తారు. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేశాక దుమ్ము, ఎండ. జూన్ నుంచి వానలు. మట్టి గట్టు మీద ఒక్క గట్టి వాన పడితే నల్లమట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. సైకిల్ మోసుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడిచిన రోజుంది. నవంబరు, డిసెంబరుల్లో రైతులు గట్టు రోడ్ల మీద సార్వా ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు వాళ్ళది అనుకుని దిగి నడిపించండి. గింజ మీద చక్రం పోనివ్వకండి.

మార్కులు అడిగితే ఏటిగట్టుకి పదికి తొమ్మిది. పంటు దగ్గర నీడ ఉంటే పదీ ఇచ్చేదాన్ని. కాలువగట్టుకి ఎనిమిది. సముద్రం దారికి అయిదు, అందులో రెండు అన్నాచెల్లెళ్ళ గట్టువి.

రాబోయే ఆదివారం మళ్ళీ కోటిపల్లి వెళ్తున్నాను. పొద్దున మొదటి పంటు దొరకాలంటే ఆరింటికల్లా రేవులో ఉండాలి. రెండు లీటర్ల నీళ్ళు, స్పేర్ హ్యాంగర్, చెప్పులు. ముమ్మిడివరం దాకా ఎక్కడా సైకిల్ షాపు తెరిచి ఉండదు ఆ వేళకి.